కొలత మనదే, పటం కూడా మనదే కావల
(వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)



నేను చదివింది ఎనిమిదో తరగతి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, మగ్గం కాడ లెక్కలు. ఇట్లాంటివాడు కంప్యూటరులో మిషను పటాలు గీసేదాని గురించి ఏం చెప్తాడని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా వినండి.

రెండేండ్ల కిందట మా సంఘంలో ఒక జకార్డు పెట్టెకు సిలిండరు అరిగిపోయింది. పేరు సిలిండరే గానీ అది గుండ్రంగా ఉండదు, నాలుగు ముఖాల కొయ్య. ముఖాల నిండా బెజ్జాలు. దాని మీద అట్ట కూర్చుని సూదులకు ఒత్తుకుంటుంది. అట్టలో బెజ్జం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, కొక్కెం పడుగు పోగును లేపుతుంది. బెజ్జం లేనిచోట సూది వెనక్కి జరుగుతుంది, పోగు లేవదు. అంత నాజూకు పని. పాత సిలిండరు చేసిన ఆచారి కాలం చేసినాడు. కొలతలు ఆయన చేతిలో ఉండె, ఆయనతోనే పోయె.

నేను టేపు పట్టి కొలిచి, చీటీ మీద రాసి, ఒక వర్క్‌షాపులో ఇచ్చి వస్తిని. కొత్తది వచ్చింది, బిగిస్తిమి. చీర అంచులో పువ్వు చెదిరిపోయింది. మొదటి బెజ్జాలు సరిగ్గానే ఉన్నాయి, పోనుపోను తప్పు పెరిగింది. సందుకు పావు మిల్లీమీటరు తేడా అంటే ఇరవై సందులు దాటేసరికి ఐదు మిల్లీమీటర్లు. ఆ మగ్గం ఐదు వారాలు ఖాళీగా నిలిచింది. దాని మీద బతికే చెల్లెలు కూలికి పోయింది. తప్పు వర్క్‌షాపుది కాదు, నా చీటీది.

మా మనవరాలు డిప్లొమాలో మెకానికల్ చదువుతోంది. చీటీ చూసి, "తాతా, బెజ్జం నడుమ నుంచి కొలిచినావా, అంచు నుంచి కొలిచినావా?" అని అడిగింది. నాకు జవాబు లేదు. "రా, క్యాడ్‌లో గీద్దాం" అని పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆటోక్యాడ్ 1982లో వచ్చింది, దానికి డబ్బు కట్టాల. మేము పట్టుకున్నది ఫ్రీక్యాడ్, అది ఉచితం. మొదటి వారం మౌసు నా మాట వినలేదు. తర్వాత దారి తెలిసింది. ముందు ముఖం గీయాల. ప్రతి గీతకూ కొలత చెప్పాల. ఒక్క కొలత తక్కువైనా బొమ్మ కదులుతానే ఉంటుంది. అన్నీ చెప్తే గీతలు ఆకుపచ్చకు తిరుగుతాయి. అప్పుడు పొడవు చెప్తే గీత కొయ్యగా నిలబడుతుంది. ఒక బెజ్జం పెట్టి, ఎన్ని కావాలో, ఎంత ఎడమో చెప్తే మిగతావి అదే వేస్తుంది. తప్పు పెరగదు.

చివరికి కాగితం మీద ముందు చూపు, పై చూపు, పక్క చూపు. మన దేశంలో పై చూపును ముందు చూపుకు కింద గీస్తారు, అమెరికాలో పైన గీస్తారు. అది తెలియకుంటే చేసేవాడు తారుమారు చేస్తాడు. ఎంతదాకా తేడా ఉండొచ్చో కూడా రాయాల. టేపు పక్కన పెట్టి వెర్నియర్ కాలిపర్‌తో మళ్లా కొలిస్తిని. ఆ ఒక్క పటానికి రెండు నెలలు పట్టింది. దాన్ని చూసి చేసిన సిలిండరు ఈ రోజుకూ నడుస్తోంది. మళ్లా అరిగినా భయం లేదు, పటం సంఘం కంప్యూటరులో ఉంది.

గళ్ల కాగితం మీద పువ్వు గీసి, గడి గడి లెక్కబెట్టి అట్టలు కొట్టే మనకు ఇది పరాయి విద్య కాదు. విశ్వేశ్వరయ్య గారు 1861లో పుట్టింది మన ముద్దేనహళ్లిలోనే. అంత పెద్ద చదువు అందరికీ రాదంటారా? తెలంగాణలో చింతకింది మల్లేశం గారు ఆరో తరగతికే బడి మానినారు. పోచంపల్లి చీరకు ఆసు పోసేటప్పుడు వేలసార్లు చెయ్యి తిప్పి వాళ్లమ్మ భుజం నొప్పితో బాధపడితే, ఏండ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం చేసి అమ్మ పేరే పెట్టినాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చదువు కంటే ముందు ఆయనకు తెలిసింది ఎక్కడ నొప్పి ఉందో. అది మనకూ తెలుసు.

క్యాడ్ వస్తే చేనేత పోతుందని కొందరికి భయం. నేసేది చెయ్యే. మగ్గం నిలిచిపోకుండా చూసేది పటం.

నా మనవి ఒకటే. ప్రతి సంఘమూ ఒక కంప్యూటరు, ఒక కాలిపరు పెట్టుకోవాల. నేత ఇండ్ల నుంచి ఇద్దరు పిల్లలను, ఆడపిల్లలను కూడా, నేర్చుకోను కూర్చోబెట్టాల. జకార్డు, డాబీ, పన్నె చట్రం, నాడె, ఏది అరుగుతుందో దాన్ని ముందు గీయించాల. ఒక సంఘం గీసిన పటం అన్ని సంఘాలకూ పంచాల. మగ్గాలు చేసే ముసలి ఆచార్లు ఇంకా కొందరున్నారు. వాళ్లు ఉండగానే పక్కన కూర్చుని కొలవండి. నేను ఒకాయన కాడికి పోవడంలో ఆలస్యం చేసినాను.

రాని వాళ్లు మా సంఘానికి రండి. నాకు తెలిసినంత నేను చెప్తాను, తెలియంది మనవరాలు చెప్తుంది.