నకలు తీయడం నామోషీ కాదు

తైలవర్ణాల్లో మనిషి ముఖం వేయడం నేర్చుకోవాలనుకునే వారికి ఈ మండపేట సభాముఖంగా ఒక్క మాట మనవి చేస్తాను. పాత మహాచిత్రకారుడి పటం ఒకటి ఎంచుకుని, అడుగు పూత నుంచి ఆఖరి మెరుపు దాకా ఓపికగా నకలు తీయండి. తైలవర్ణాల పని చెప్పేవారు ఎప్పుడూ తక్కువే. 1868లో ఐరోపా చిత్రకారుడు థియోడర్ జెన్సెన్ తిరువాన్కూరు ఆస్థానానికి వచ్చేనాటికి రవివర్మకు ఇరవై ఏళ్లు. ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయుడు ఆయనకు కిటుకులు చెప్పడానికి ఇష్టపడలేదు. జెన్సెన్ కూడా తాను వేస్తుంటే చూడనిచ్చారే గాని పాఠం చెప్పలేదు. మనుషులు గుట్టు దాచుకుంటారు. పటం మాత్రం ఎవరు ఎంతసేపు నిలబడి చూసినా కాదనదు.

అయితే చూడడం వేరు, వేయడం వేరు. రెంబ్రాంట్ చివరి రోజుల్లో వేసుకున్న స్వీయచిత్రాలు చూడండి. నుదుటి మీద వెలుగు పడిన చోట రంగు గట్టుకట్టినంత మందంగా ఉంటుంది. నీడలో మాత్రం పలచని గోధుమరంగు పూతే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు దీనికి తలకిందులుగా వేస్తారు. నీడలో నలుపు దట్టంగా పులిమేసరికి ముఖం మసిబారుతుంది. నకలు తీసేటప్పుడు ఆ తేడా పక్కపక్కనే కనిపిస్తుంది, దిద్దుకోక తప్పదు. నలుపు, తెలుపు కలిపిన బూడిదరంగు ఎర్రని చెంప పక్కకు రాగానే నీలంగా తోస్తుంది. గడ్డం గీసిన దవడకు నీలం రంగు డబ్బా తెరవనక్కర్లేదని అప్పుడు తెలుస్తుంది. పూతల వరసా అంతే. నూనెరంగు నీరింకి ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అందుకే అడుగున టర్పెంటైన్‌తో పలచన చేసిన పూత, పైకి వచ్చేకొద్దీ అవిసెనూనె పాలు ఎక్కువ. అంబర్ అనే మట్టిరంగు త్వరగా ఆరుతుంది కనుక అడుగున, ఐవరీ బ్లాక్ అనే నలుపు ఆలస్యం చేస్తుంది కనుక పైన. ఈ వరస తప్పితే కొన్నేళ్లకు పటం బీటలు వారుతుంది.

నకలు తీస్తే సొంత చేయి పోతుందని కొందరి భయం. చరిత్ర అలా చెప్పడం లేదు. రూబెన్స్ 1628–29లో మాడ్రిడ్ వెళ్లినప్పుడు యాభై దాటిన పేరున్న చిత్రకారుడు. అయినా టిషియన్ వేసిన ఆదాము అవ్వల పటానికి నకలు తీశారు. ఆదాము భంగిమ మార్చారు, ఒక చిలుకను చేర్చారు. నేడు రెండు పటాలూ ప్రాడో మ్యూజియంలోనే ఉన్నాయి, ఏది ఎవరిదో ఎవరూ పొరబడరు. నందలాల్ బోస్ 1909లో అజంతా చిత్రాలకు నకళ్లు తీయడానికి వెళ్లారు. ఆయనను అనుకర్త అన్నవారు లేరు. ఇక నకలును అసలుగా చలామణీ చేయడం మోసమే, అందులో రెండో మాట లేదు. దానికి విరుగుడుగా పారిస్ లూవ్రు మ్యూజియంలో నకలు అసలు కొలతలో ఉండకూడదన్న నియమం ఉంది. మనమూ కొలత మార్చి, పటం వెనక అసలు చిత్రకారుడి పేరు రాద్దాం.

ఐరోపా ముఖాలు మన చామనఛాయకు ఏం పనికొస్తాయని అడగవచ్చు. రంగు పాళ్లు పనికిరావు, పద్ధతి పనికొస్తుంది. వెలుగు మందం, నీడ పలచన అన్నది ఏ ఒంటిరంగుకైనా వర్తిస్తుంది. ఫోన్‌లో బొమ్మ చాలదా అంటే, గీతకూ నీడల కొలతకూ పెద్ద ప్రింటు చాలు. రంగు మందం మాత్రం తెర మీద కనిపించదు. అందుకు అసలు పటాల ముందు నిలబడాల్సిందే. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా తైలవర్ణ చిత్రాలున్నాయి. మనకు దగ్గరలో రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1925లో ఇరవై ఎనిమిదో ఏడు నిండకుండానే కన్నుమూసిన ఆ మహానుభావుడి కుంచె పని అక్కడ కళ్లారా చూడవచ్చు.

డ్రాయింగు మాస్టార్లకు నా విన్నపం ఇదే. పిల్లల్ని ఏడాదికొకసారైనా ఆ గ్యాలరీకి తీసుకెళ్లండి. ఒక్కొక్కరి చేత ఒక్క పటానికైనా పూర్తిగా నకలు తీయించండి. ఆ వెంటనే ఇంట్లో అమ్మనో తాతనో ఎదురుగా కూర్చోబెట్టి ముఖం వేయించండి. ఈ రెండో పని చేయించకపోతే మొదటిది సగం చదువే.