సంతకమునకు ముందడుగవలసిన ప్రశ్నలు

(తునిలోని యొక పఠనాలయమున న్యాయవాది యొకరు చేసిన ప్రసంగ పాఠము)



సామాన్యులు వకీలు నడుగు ప్రశ్నలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఈ పఠనాలయ కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఇరువది యేండ్లుగా నా గుమ్మము త్రొక్కిన ప్రశ్నలను నిన్న రాత్రి తలపోసి చూచితిని. వాని వేషములు వేరైనను సారమొక్కటిగనే తోచినది: "బాబూ, సంతకం పెట్టేశాను. ఇప్పుడేం చెయ్యమంటారు?" వడ్డీవ్యాపారి యెదుట పెట్టిన సంతకము, అన్నదమ్ములడిగిన సంతకము, ఠాణాలో పెట్టుమన్న సంతకము, కడకు మావంటి ప్లీడర్ల గుమాస్తా చూపినచోట పెట్టిన సంతకము. సంతకమైన పిమ్మట వచ్చు ప్రశ్నకు వకీలు చెప్పగల యుత్తరము చిన్నది, దానికగు ఖర్చు పెద్దది. సంతకమునకు ముందు వచ్చిన ప్రశ్నకో, తరచు ఫీజు కూడ నక్కరలేదు. అందుచేత నేడు నేను చట్టముల పట్టిక చదువబోను. ఏ కాగితమునకు ముందు ఏమి యడుగవలయునో, అదియే చెప్పెదను.

మొదట ప్రామిసరీ నోటు. మన తుని సంతకు వచ్చు తమలపాకు రైతు మొదలు మామిడికాయల వర్తకుని వరకు దీని నెరుగని వారు లేరు. ఒక రైతు నాతో చెప్పిన మాట యిది: "అయ్యా, నేను తీసుకున్నది యాభై వేలు. స్టాంపు మీద సంతకం పెట్టాను గాని, కాగితం ఖాళీగానే వుంది. ఖాళీ కాగితం కోర్టులో చెల్లుతుందా?" చెల్లునని చెప్పుటకు నాకు నోరు రాలేదు. చెప్పక తప్పలేదు. 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము 20వ సెక్షను ప్రకారము, స్టాంపు గల కాగితముపై సంతకము చేసి ఖాళీగా నొకని చేతికిచ్చినచో, ఆ ఖాళీని నింపుకొను నధికారము కూడ నిచ్చినట్లే మొదట నెంచబడును. స్టాంపునకు సరిపడు మొత్తము వరకే యని యా సెక్షను హద్దు పెట్టినది గాని, అడిగినప్పు డిచ్చు నోటునకు వెయ్యి దాటిన తరువాత లక్షయైనను పదిలక్షలైనను స్టాంపు సుంక మొక్కటే. కాబట్టి యా హద్దు గోడ కాదు, ముగ్గుగీత మాత్రమే. పైగా 118వ సెక్షనుచేత, నోటుపై సంతకమున్నచో సొమ్ము ముట్టినట్లే కోర్టు మొదట భావించును. ముట్టలేదని, లేక అంత ముట్టలేదని చూపవలసిన భారము సంతకము చేసినవానిది. చూపరాదని కాదు, సాక్ష్యముండిన చూపవచ్చును. ఆ సాక్ష్యము ఖాళీ కాగితమిచ్చినవాని యొద్ద ఏపాటి యుండునో మీరే యూహింపుడు. ఖాళీ చెక్కు సంగతియు నింతే. సంతకము చేసి యిష్టపూర్వకముగా నిచ్చిన ఖాళీ చెక్కును మరియొకరు నింపినను దాని బలము పోదని 2019లో సుప్రీముకోర్టు బీర్ సింగు కేసులో తీర్పు చెప్పినది. చెక్కునకు నోటునకు లేని కోఱ కూడ కలదు: చెల్లక తిరిగివచ్చినచో రెండేండ్ల వరకు జైలు, చెక్కు మొత్తమునకు రెట్టింపు వరకు జుల్మానా. ఇది 1989 నుండి యమలులోనున్న 138వ సెక్షను. కాబట్టి వ్యాపారి "నోటు వద్దు, చెక్కియ్యి" అన్నచో అది స్నేహము చేత నన్న మాట కాదని తెలియునది.

ఇక నోటు తిరగవ్రాయుట. నోటుపై దావాకు గడువు మూడేండ్లు. మూడవ యేడు ముగియవచ్చు సమయమున ఋణదాత తీయగా మాటలాడుచు వచ్చును: "దావా యెందుకు బావా, కొత్త నోటు రాసెయ్యి." నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తీసికొన్నవాని లెక్క చూడుడు. ముప్పదియారు నెలలకు వడ్డీ 54,000. క్రొత్త నోటు 1,04,000. ఇప్పుడు వడ్డీ కూడ అసలైనది. మరి మూడేండ్లకు నోటు 2,16,320. ఆరేండ్లలో చేతికి వచ్చినది యాభై వేలే, వ్రాసియిచ్చినది రెండు లక్షల పైచిలుకు. ఈ తిరగవ్రాతల మాయ మన పెద్దలకు బాగుగా తెలియును. 1938లో రాజగోపాలాచారిగారి ప్రభుత్వకాలమున మద్రాసు శాసనసభ చేసిన రైతు ఋణవిమోచన చట్టము, నోటెన్ని మార్లు తిరగవ్రాయబడినను మొదట చేతికిచ్చిన అసలునే అసలుగా నెంచవలయునని విధించినది. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందరి యప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ యంతయు కొట్టివేయబడినది. అసలునకు రెట్టింపు చెల్లించియున్నచో ఋణమే తీరినట్లు. ఆ శాసనము మేలు చేసినది పాతయప్పులకు. క్రొత్త నోటునకు ముందు లెక్క వేసికొనుట మాత్ర మే శాసనసభయు మనకు చేసిపెట్టదు.

మరి సొమ్ము తీర్చునప్పుడు? "తీర్చేశాను, నోటు ఆయన దగ్గరే వుండిపోయింది" అనువారు నెలకొకరైనను వత్తురు. సొమ్ము చెల్లించుటకు ముందు నోటును చూపుమనియు, చెల్లించిన వెంటనే తిరిగి యిమ్మనియు నడుగు హక్కు 81వ సెక్షను మీకిచ్చినది. అది మర్యాదతప్పిన పని కాదు. కొంత మాత్రమే చెల్లించినచో నోటు వెనుక చెల్లు వేయించుకొనుడు; లేనిచో రసీదు పుచ్చుకొనుడు. ఒక హెచ్చరిక: గడువు లోపల చెల్లించి, మీ చేతివ్రాతనో సంతకముతోనో చెల్లు వేసినచో అచ్చటనుండి మరల మూడేండ్లు లెక్క ప్రారంభమగును. ఇది తప్పని కాదు, తెలిసి చేయవలసిన పని. ఇప్పుడు ఫోనులో చెల్లింపులు వచ్చిన తరువాత కొంత మేలు కలిగినది. బ్యాంకు లెక్కయే సాక్ష్యము. కాని చాలమంది సగము ఫోనులో, సగము చేతిలో ఇత్తురు. ఆ చేతి సగమే తగవు తెచ్చును.

అప్పు తీర్చలేనివాని నడుగు భయము మరియొకటి: "నన్ను జైల్లో పెడతారా?" చెక్కు సంగతి పైన చెప్పితిని. నోటు మీది డిక్రీకి ఆ భయము తగదు. శక్తి యుండి చెల్లింపని మోసగానికే గాని, నిజముగా చేతిలో లేనివానికి జైలు కూడదని 1980లో జాలీ జార్జి వర్గీసు కేసులో జస్టిసు కృష్ణయ్యరు తీర్పు చెప్పిరి. సొమ్ము డిక్రీ క్రింద స్త్రీని అరెస్టు చేయుట సివిలు ప్రొసీజరు కోడు 56వ సెక్షను నిషేధించినది. 60వ సెక్షను ప్రకారము జప్తునకు రానివి కలవు: కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతిపనివాని పనిముట్లు, రైతు నాగలి మొదలగు సామగ్రి, సేద్యపు పశువులు, రైతు కాపురమున్న యిల్లు. మతాచారము చొప్పున స్త్రీ తన మేనినుండి తీయరాని నగ కూడ నందులో చేరినది. మంగళసూత్రమును జప్తు చేయింతునని బెదిరించువానికి ఈ సెక్షను చూపవచ్చును. ఆ ఆస్తినే తనఖా పెట్టియున్న మాట వేరు. తనఖా కాగితము మీదను సంతకమే గదా!

ఇక రెండవ కాగితము. దీనిని గూర్చి చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది, చదువుకొన్న కుటుంబములలోనే యిది హెచ్చు గనుక. తండ్రి పోయిన పదకొండవ దినమున చుట్టము లందరు నున్న సమయము చూచి, అత్తవారింటినుండి వచ్చిన యాడపడుచు ముందొక కాగితము పెట్టుదురు. "అక్కయ్యా, బ్యాంకువాళ్లు అడుగుతున్నారు, ఇక్కడొక సంతకం." ఏడ్చియున్న కన్నులతో ఆమె సంతకము పెట్టును. ఆరు మాసముల తరువాత అది భాగమునకు హక్కు విడుదల పత్రమని తెలియును.

హిందూ కుటుంబముల మాట చెప్పుచున్నాను. ముస్లిములకు, క్రైస్తవులకు చట్టము వేరు. తండ్రి స్వార్జితమును వీలునామా లేక వదలినచో, 1956వ సంవత్సరపు వారసత్వ చట్టముచేత భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుండ్రకు సమభాగములు. పిత్రార్జితమున కూతురికి కొడుకుతో సమానముగా జన్మహక్కు మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండి వచ్చినది గాని, అప్పటికే పెండ్లియైన కూతుండ్రకు రాలేదు. ఆ లోపమును 2005 సెప్టెంబరు 9న దేశమంతటికి వచ్చిన సవరణ తీర్చినది. ఆ తేదీకి తండ్రి జీవించియుండ నక్కరలేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీముకోర్టు తేల్చినది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు చేతనో కోర్టు డిక్రీ చేతనో జరిగిన పంపకములను మాత్రము కదపరాదు. తండ్రి తన స్వార్జితమును వీలునామాచేత ఎవరికైన వ్రాయవచ్చును. వీలునామాకు స్టాంపు వలదు, రిజిస్ట్రీ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు మాత్రము కావలయును.

"కట్నం ఇచ్చాం గదా, ఇంకా భాగమేమిటి?" అని యన్నదమ్ములు నన్నడుగుదురు. కట్నము పుచ్చుకొన్నవారు అల్లుడును వియ్యంకుడును, భాగము కూతురిది. పుచ్చుకొనుటయు, ఇచ్చుటయు 1961 నుండి నేరములు కూడ. కాబట్టి ఆ వాదము కోర్టులో నెత్తకుడని వారికి స్నేహపూర్వకముగా చెప్పుచుందును. నూరు రూపాయలకు మించిన స్థిరాస్తి హక్కును తెల్లకాగితము మీద విడిచిపెట్టుట చెల్లదు, రిజిస్టరు చేయవలయును. అయితే మునుపే నోటిమాటగా జరిగిన యేర్పాటును జ్ఞాపకార్థము వ్రాసికొన్నామని ఎదుటివారు వాదింతురు, మా వకీళ్ల కచ్చట పదేండ్ల పని దొరకును. ఆ అక్కగారు పదకొండవనాడు "ఇంటికి తీసుకెళ్లి చదివి పంపుతాను తమ్ముడూ" అనియుండిన ఆ పదేండ్లు మిగిలియుండును. ఆ యొక్క మాట అనుటకు మన యాడపడుచుల కెంత ధైర్యము కావలసియున్నదో నే నెరుగుదును. తల్లి యా సమయమున నోరు విప్పవలయును.

ఠాణాలో మాత్ర మిందుకు భిన్నము. దర్యాప్తులో పోలీసులకు చెప్పిన వాఙ్మూలమును వారు వ్రాసికొనవచ్చును గాని దానిపై చెప్పినవాని సంతకముండరాదు. పాత క్రిమినలు ప్రొసీజరు కోడులో 162వ సెక్షను. 2024 జులై 1 నుండి దాని స్థానమున వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 181వ సెక్షను. ఫిర్యాదిచ్చినవాని సంతకము వేరు. అది యుండవలయును, ఎఫ్.ఐ.ఆర్. నకలు ఖర్చులేక ఇయ్యవలయును. అరెస్టయినవానిని, ప్రయాణకాలము గాక, ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలయునని రాజ్యాంగమే చెప్పుచున్నది.

మన యూరి వర్తకులు కొందరడుగు ప్రశ్న కూడ కలదు. పడమటి కొండలను జూపి, "ఏజెన్సీలో గిరిజనుడు ఇష్టపడే అమ్ముతున్నాడు, అగ్రిమెంటు రాయించుకోవచ్చా?" అందురు. వ్రాయించుకొనుడు, ఆ కాగితము పొయ్యిలోనికి పనికివచ్చును. షెడ్యూలు ప్రాంతమున గిరిజనేతరునికి భూమి బదిలీ 1959 నాటి రెగ్యులేషను, దానికి 1970లో వచ్చిన సవరణ ప్రకారము చెల్లదు. అమ్మువాడు గిరిజనేతరుడైనను చెల్లదు. ఇట్టి కట్టడి 1917లో తెల్లదొరల కాలముననే ఆరంభమైనది. కారణము, కొండవాడు వ్రేలిముద్ర వేసిన ప్రతి కాగితమును క్రిందివాడే చదివినందుచేత. ఈ చట్టము వర్తకమునకడ్డని విసుగుకొను మిత్రులు, ఆ వ్రేలిముద్రలను చూచిన పిమ్మట విసుగుకొందురు గాక.

తుదకు మా కాగితము. వకాలతునామా మీదను మీరు సంతకమే పెట్టుచున్నారు. నా కక్షిదారులలో నూటికి తొంబదిమంది దానిని చదువరు. చదువుమని నేను చెప్పిన దినములును తక్కువే, ఆ తప్పు నాదే. అందులో రాజీపడుటకు, సొమ్ము పుచ్చుకొనుటకు కూడ అధికారము వ్రాసియుండవచ్చును. అక్కరలేనిచో కొట్టివేయుమని యడుగుడు. ఇచ్చిన ఫీజుకు రసీదడుగుడు. ఫీజు లేనివారికి 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము కలదు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూలు కులములవారికి, తెగలవారికి, కార్మికులకు, నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రభుత్వ వ్యయముతో వకీలు నిత్తురు. 15100 నంబరునకు ఫోను చేసిన దారి చెప్పుదురు. లోకదాలతులో రాజీయైన కోర్టులో కట్టిన ఫీజు తిరిగి వచ్చును. ఆ తీర్పుపై అప్పీలు లేదు, కనుక అచ్చటను చదివియే సంతకము.

1921లో టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసులోని గొప్ప ప్రాక్టీసు విడిచిరి. సహాయనిరాకరణ దినములలో కాకినాడ వకీలు బులుసు సాంబమూర్తిగారును విడిచిరి. ఆనాటి వాలంటీర్లు కోర్టులకు పోవలదని, గ్రామములలో పంచాయతులు పెట్టుకొనుడని చెప్పి తిరిగిరి. నే నంతవాడను కాను, వృత్తి విడువలేదు. విడువనివాని మీద కొంత బాకీ నిలిచియున్నది. కార్యదర్శిగారితో మాటలాడితిని. వచ్చు ఆదివారము మొదలు ప్రతి ఆదివారము ఉదయము ఎనిమిది గంటలనుండి పదివరకు ఈ పఠనాలయపు అరుగుమీద నేనును మరి యిద్దరు యువ న్యాయవాదులును కూర్చుండెదము. దావాలు పుచ్చుకొనము, ఫీజు పుచ్చుకొనము, సలహాకు వచ్చినవాని కేసును తరువాత మాలో నెవ్వరు పట్టము. తెచ్చిన కాగితమును బిగ్గరగా చదివి, అందేమున్నదో వాడుకమాటలలో చెప్పుదుము. కరణములు 1984లో పోయిన తరువాత మన పల్లెలలో కాగితము చదివిచెప్పువా డెవడో తెలియక, వ్రాసినవానినే అడుగుచున్నారు. నది కావలి పాయకరావుపేటవారును రావచ్చును. జిల్లా వేరైనను కాగితము చదువుటకు అడ్డులేదు. చదువు వచ్చిన విద్యార్థులు ఇద్దరు ముగ్గురు తోడు వచ్చిన మేలు. పేర్లు నేడే కార్యదర్శిగారి యొద్ద వ్రాయింపుడు.