ఇంటికీ పాడికీ ఒకే బండి: కొత్తది కొనాలా, పాతది కొనాలా?

(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సంఘాల తనిఖీకి మేము ఏ ఊరు వెళ్ళినా, ఈ మధ్య లెక్కల పుస్తకాలు మూసిన తరువాత సభ్యులు ఒక ప్రశ్న వేస్తున్నారు. "సార్, ఇంటిల్లిపాదీ ఎక్కడానికి పనికిరావాలి. వెనుక చిన్న ట్రైలరు తగిలిస్తే పాల క్యాన్లు, దాణా బస్తాలు, పచ్చగడ్డి లాగాలి. అలాంటి పెద్ద కారు ఏది? కొత్తదా, సెకండ్ హ్యాండుదా?" అని అడుగుతున్నారు. ఎనిమిది పది గేదెలు పెట్టుకున్న కుటుంబానికి ఇది సహజమైన కోరికే. అయితే ఇది లక్షల రూపాయల వ్యవహారం. కంతు కట్టవలసింది పాల బిల్లులోనుంచే. అందుచేత ఈ విషయం మీద నాలుగు మాటలు మనవి చేయదలచుకున్నాము.

ఫలానా కంపెనీ బండి కొనండని మేము చెప్పము. కొనేముందు వేసుకోవలసిన లెక్కలు మాత్రం చెబుతాము. పాల కేంద్రంలో మనం పాల రంగు చూసి డబ్బు ఇవ్వము. వెన్న శాతం తీస్తాము, లాక్టోమీటరు ముంచి చూస్తాము. బండి విషయంలో మాత్రం రంగు, ఎత్తు చూసి మోసపోతున్నాము. బండికి కూడా పరీక్షలు ఉన్నాయి. మొదటిది బరువు, రెండవది బండి కట్టుబడి, మూడవది కాగితాలు, నాలుగవది డబ్బు. కొత్తదా పాతదా అన్న ప్రశ్న ఈ నాలుగూ తేలిన తరువాతనే వస్తుంది.

బరువు లెక్క

నలభై లీటర్ల క్యాను తీసుకోండి. లీటరు పాలు కిలో కంటె కొంచెం ఎక్కువే తూగుతాయి. క్యాను బరువుతో కలిపి సుమారు 50 కిలోలు అనుకుందాం. ఎనిమిది క్యాన్లకు 400 కిలోలు. నాలుగు దాణా బస్తాలు 200 కిలోలు. ట్రైలరు సొంత బరువు 250 కిలోలు వేసుకుందాం. మొత్తం 850 కిలోలు. ఇది మీ బండి వెనుక కదిలే బరువు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. బండి ఎంత లాగుతుందన్నది రెండవ ప్రశ్న. ఎంత బరువును ఆపగలుగుతుందన్నదే మొదటి ప్రశ్న. ఇసుజు డి-మాక్స్ అనే బండిని ఆస్ట్రేలియాలో అమ్మేటప్పుడు, సొంత బ్రేకులు ఉన్న ట్రైలరయితే 3500 కిలోలు లాగవచ్చునని కంపెనీ వ్రాస్తుంది. బ్రేకులు లేని ట్రైలరయితే అదే బండికి 750 కిలోలే అంటుంది. ఇంజను అదే, చక్రాలు అవే. తేడా అంతా ట్రైలరు బ్రేకులలోనే ఉన్నది. ఐరోపా దేశాల్లో కూడా 750 కిలోలు దాటిన ట్రైలరుకు బ్రేకులు ఉండి తీరాలి. మన పక్క చిన్న వర్క్‌షాపుల్లో వెల్డింగు చేసి ఇచ్చే ట్రైలర్లకు చాలావాటికి బ్రేకులు ఉండవు. కాబట్టి పై లెక్కలోని 850 కిలోలు అటువంటి ట్రైలరుకు ఎక్కువే. రెండు బస్తాలు తగ్గించండి, లేదా రెండు ట్రిప్పులు వేయండి, లేదా బ్రేకులున్న ట్రైలరు చేయించండి.

రెండవ సంగతి, కొక్కెం మీద పడే బరువు. ట్రైలరు మొత్తం బరువులో సుమారు పదవ వంతు ముందు కొక్కెం మీద ఆనాలి. క్యాన్లన్నీ వెనుక చివర పెడితే ముందు భాగం తేలిపోయి, వేగం అందుకోగానే ట్రైలరు పాములాగా అటూ ఇటూ ఊగుతుంది, బండిని కూడా ఈడ్చుకుపోతుంది. అందుచేత బరువైన క్యాన్లు ఇరుసు దగ్గర, కాస్త ముందుకు పెట్టాలి. మరి 850 కిలోలలో పదవ వంతు 85 కిలోలు. ఆ 85 కిలోలనూ బండి మోసే బరువులోనే కలపాలి. అయిదుగురు కుటుంబ సభ్యులు, సామాను 300 కిలోలయితే, మొత్తం 385 అయింది. బండి పుస్తకంలో నిండు బరువు ఎంత, ఖాళీ బరువు ఎంత అని ఉంటుంది. రెండింటి తేడా ఇంతకంటె తక్కువయితే ఆ బండి మీకు చాలదు.

బండి కట్టుబడి

చూడడానికి అన్నీ ఎత్తుగానే ఉంటాయి గాని, లోపలి కట్టుబడి రెండు రకాలు. ఒక రకంలో కింద నిచ్చెనలాంటి ఇనుప చట్రం ఉంటుంది, దాని మీద బాడీ కూర్చోబెడతారు. లారీ కట్టుబడి ఇదే. బొలెరో, స్కార్పియో, ఫార్చ్యూనర్, ఇన్నోవా క్రిస్టా ఈ రకం. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ కూడా ఇదే. రెండవ రకంలో విడిగా చట్రం ఉండదు, బాడీయే బలం. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్, హ్యుందాయ్ క్రెటా ఈ రకం. ఇవి కుటుంబానికి హాయిగా ఉంటాయి. అయితే వీటి ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది. వెనుక బరువు తగిలి గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. తరచుగా బరువు లాగేవారికి చట్రం ఉన్న, వెనుక చక్రాలు గాని నాలుగు చక్రాలు గాని తిరిగే బండి మేలు.

పాత బండి కొనేవారు పేరు చూసి మోసపోరాదు. టాటా సఫారీ 1998లో వచ్చినప్పుడు చట్రం మీద కట్టిన బండి. 2021లో అదే పేరుతో వచ్చినది వేరే కట్టుబడి, ముందు చక్రాల బండి. ఇన్నోవా కూడా అంతే. క్రిస్టాకు చట్రం ఉన్నది, 2022లో వచ్చిన హైక్రాస్‌కు లేదు.

ఏ బండి అయినా సరే, కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ట్రైలరు గురించి ఏమి వ్రాసి ఉన్నదో చదవండి. కొన్నింటిలో ట్రైలరు లాగవద్దని స్పష్టంగా ఉంటుంది. పుస్తకంలో అంకె లేకపోతే షోరూములో వ్రాతపూర్వకంగా అడగండి. సేల్స్ కుర్రవాడు "ఏం ఫరవాలేదు సార్, ఎంతయినా లాగుతుంది" అన్న మాట గ్యారంటీ కాదు. విదేశాల్లో ఆ బండికి ఇచ్చిన అంకెను ఇక్కడ వాడుకోరాదు.

కాగితాలు

ఈ భాగం శ్రద్ధగా వినవలసినది. ప్రమాదం జరిగిన రోజున కుటుంబాన్ని నిలబెట్టేదీ, వీధిన పడవేసేదీ ఇదే.

చట్టం దృష్టిలో ట్రైలరు కూడా ఒక వాహనమే. దానికి రిజిస్ట్రేషను ఉండాలి, ఇన్సూరెన్సు ఉండాలి. లాగే బండి నంబరు ట్రైలరు వెనుక కనబడాలి. బండికి కొక్కెం బిగించడం కూడా కంపెనీ కట్టుబడిని మార్చడమే అవుతుందేమో ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. బిగించిన తరువాత అడగడం వల్ల లాభం లేదు.

ఇంతకంటె ముఖ్యమైన విషయం ఇన్సూరెన్సు. సొంత కారు పాలసీ తెరిచి, ఏయే వాడకానికి వర్తిస్తుందో చెప్పే పేరా చదవండి. కిరాయికి తిప్పినా, సరుకు రవాణాకు వాడినా పాలసీ వర్తించదని అందులో ఉంటుంది. మినహాయింపు సొంత సామానుకూ, నమూనాలకూ మాత్రమే. అంటే తెల్ల నంబరు బండిలో పది ఇళ్ళ పాలు పోగు చేసి, లీటరుకు ఇంత అని తీసుకుని కేంద్రానికి చేర్చే సభ్యుడు తన పాలసీని తానే చింపుకుంటున్నాడన్నమాట. సొంత పాల క్యాన్లు సంగతేమిటని అడగవచ్చు. అవీ అమ్మకపు సరుకే కదా. కంపెనీవారిని అడిగి, వారి జవాబు వ్రాతలో తీసుకోండి. సంఘం తరఫున పాలు తోలే పనికి మాత్రం గూడ్సు బండిగా రిజిస్టరయిన వాహనమే ఉండాలి. సంఘ పాలకవర్గాలు ఈ విషయంలో పట్టుదలగా ఉండాలని మా మనవి.

గేదెలను ట్రైలరులో తోలుదామనుకునేవారికి మరొక మాట. ముర్రా గేదె 450, 500 కిలోలు తూగుతుంది. అది క్యానులాగా కుదురుగా ఉండదు, మలుపులో పక్కకు ఒరుగుతుంది. కేంద్ర మోటారు వాహన నియమాలకు 2015లో చేర్చిన నిబంధన ప్రకారం పశువులను తోలే బండికి ప్రత్యేక ఏర్పాటు కావాలి, ఒక్కొక్క ఆవుకు గాని గేదెకు గాని 2 చదరపు మీటర్ల చోటు ఉండాలి. ఇంటి కారు వెనుక చేసే పని కాదది. అందుకు తగిన బండిని కిరాయికి మాట్లాడుకోండి.

పాత బండి పరీక్షలు

పాతది కొనడం తప్పు కాదు. కొత్త బండి ధర మొదటి రెండు మూడు సంవత్సరాలలోనే బాగా పడిపోతుంది. ఆ నష్టం మొదటి యజమాని భరించిన తరువాత మనం కొనడం తెలివైన పనే. పరీక్ష మాత్రం మనం చేసుకోవాలి.

ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి. అమ్మేవాడు ముందుగానే స్టార్టు చేసి ఉంచితే మరొక రోజు వస్తామని చెప్పండి. ఆయిలు మూత విప్పి చూడండి. లోపల పాలు కలిసిన టీ రంగు కనిపిస్తే ఆయిలులో నీరు చేరిందన్నమాట. పొగ నీలంగా వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నది. తరువాత బండి కిందికి దూరి చట్రం పొడుగునా చేత్తో తడమండి. పగుళ్ళు, కొత్త వెల్డింగు, కొత్తగా పూసిన నల్ల రంగు ఉంటే అనుమానించండి. వెనుక అడ్డ దూలం మీద కొక్కెం బిగించిన రంధ్రాలు ఉంటే ఇదివరకే బరువులు లాగిన బండి అని అర్థం. క్లచ్చి, గేర్ బాక్సు తెలిసిన మెకానిక్కుతో చూపించి గాని బేరం ఆడవద్దు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారయింది. మీటరు తిప్పవచ్చు గాని ఆ అంకెలు తిప్పలేరు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో బండ్లు మునిగిపోయాయి. మునిగిన బండి కడిగి మెరుగు పెడితే పైకి తెలియదు. సీట్లు కదిలించి కింది బోల్టుల తుప్పు, తివాచీ కింద ఒండ్రు, ముక్కవాసన చూడండి. చవకగా వస్తున్నదని ఇతర రాష్ట్రాలనుంచి డీజిలు బండ్లు తెచ్చేవారు అక్కడి ఎన్.ఓ.సి., ఇక్కడ కట్టవలసిన లైఫ్ ట్యాక్సు కూడా ధరలో కలిపి చూసుకోవాలి. ఆర్.సి. మీద ఫైనాన్సు బాకీ ఉన్నదా, చలానాలు ఉన్నాయా ఆన్‌లైనులో చూసుకోండి. సొంత బండికి రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు, ఆ తరువాత అయిదేసి సంవత్సరాలకు పునరుద్ధరించుకోవాలి. మిగిలిన గడువు ఎంతో లెక్కవేయండి.

కొన్న తరువాత 14 రోజులలో ఇన్సూరెన్సు మార్పుకు, 30 రోజులలో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి. అమ్మేవారికి కూడా ఇది అవసరమే. రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని, ప్రమాద నష్టపరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. బండి చేతులు మారినా పేరు మారకపోతే జవాబుదారీ మీదే.

కొత్తది కొనేవారికి

2020 ఏప్రిల్ తరువాతి డీజిలు బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది వేడెక్కి తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి అప్పుడప్పుడు కొంత దూరం ఆగకుండా నడవాలి. ఇంటినుంచి పాల కేంద్రానికి మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే నడిచే బండికి ఆ జల్లెడ మసితో మూసుకుపోతుంది. వారానికొకసారైనా పెద్ద రోడ్డు మీద అరగంట నడపండి. గ్యారంటీ కాగితం కూడా చదవండి. బయట కొక్కెం బిగిస్తే గ్యారంటీ పోతుందేమో కొనకముందే అడగండి.

ముందు అయిదుగురు కూర్చుని, వెనుక సామాను తొట్టె ఉండే డబుల్ క్యాబ్ బండ్లు కూడా ఉన్నాయి. ట్రైలరు లేకుండానే పని జరిగిపోతుంది. వీటిలో గూడ్సు బండిగా రిజిస్టరయ్యేవి ఉన్నాయి. క్యాన్లు తోలే కుటుంబానికి అదే ఒక సౌకర్యం.

డబ్బు లెక్క

కంతు ఒక్కటే ఖర్చు కాదు. డీజిలు, ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగు కలిపి నెలకు ఎంతో ఒక కాగితం మీద వ్రాయండి. పక్కన మీ పాల బిల్లు వ్రాయండి. పాలు పొంగే నెలల బిల్లు వద్దు. ఎండాకాలంలో పాలు తగ్గిన నెల బిల్లు వ్రాయండి. దాణా, ఇంటి ఖర్చు పోగా మిగిలినది బండి ఖర్చుకు చాలితే కొనండి. గేదె వట్టిపోతుంది గాని కంతు వట్టిపోదు. బండి కంతు కోసం పాడి గేదెను అమ్ముకున్న ఇంట్లో బండి కూడా ఎక్కువ కాలం నిలవదు.

ట్రైలరు పని నెలకు ఎన్ని రోజులో కూడా లెక్కపెట్టండి. నాలుగయిదు రోజులే అయితే ఊళ్ళో ట్రాక్టరు కిరాయికి తీసుకుని, ఇంటికి చిన్న కారు కొనుక్కోవడం చవక. ప్రతిరోజూ అయితే నలుగురు సభ్యులు కలిసి ఒక గూడ్సు బండి సంగతి సంఘంలో చర్చించండి. కలిసి చేసుకోవడానికే కదా మనం సంఘం పెట్టుకున్నది. రోజువారీ పని కాదు, అప్పుడప్పుడు సొంత గడ్డి, దాణా తెచ్చుకోవడమే అయితే, పైన చెప్పిన కాగితాలన్నీ సరిచేసుకుని, చట్రం బలంగా ఉన్న మూడు నాలుగు సంవత్సరాల పాత బండి చాలా కుటుంబాలకు సరిపోతుందని మా అభిప్రాయం. దానిమీద మిగిలిన డబ్బులో కొంత టైర్లకు, క్లచ్చికి, బ్రేకులకు విడిగా ఉంచండి.

చివరిగా ఒక మనవి. బేరానికి వెళ్ళేముందు ఈ నాలుగు లెక్కలు ఇంట్లో ఆడవారితో కూర్చుని వేయండి. పాలు పిండేది, దాణా ఖర్చు తెలిసేది చాలా ఇళ్ళలో వారికే. వారు సరేనన్న తరువాతనే అడ్వాన్సు ఇవ్వండి.