ఏ కొమ్మ తీయాలో రైతే చెప్పాలి

(నూజివీడు ప్రాంత మామిడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాయ కోతలు అయిపోయాయి. ఇక తోటల్లోకి కర్ర కొనేవాళ్లు వస్తారు. "కూలి వద్దు, కొట్టిన కర్ర ఇస్తే చాలు" అంటారు. చేతిలో డబ్బులేని రైతుకు ఆ మాట బాగానే ఉంటుంది. కానీ కర్ర కోసం వచ్చినవాడి కన్ను లావు కొమ్మ మీదే ఉంటుంది. ఎండుపుల్ల, రోగపు రెమ్మ వాడికి అక్కర్లేదు. అందుకే తీయాల్సిన కొమ్మలకు ముందు మనమే సున్నంతో గుర్తు పెట్టాలి.

30, 40 ఏళ్ల బంగినపల్లి చెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లోపల ఎండ పడదు. కాపు పై కొమ్మల చివరలకే పోతుంది. మందూ అందదు, కాయా అందదు. తేనెమంచు పురుగుకు ఆ నీడే ఇల్లు.

ముందు ఎండినవి, రోగం పట్టినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీయండి. తర్వాత నడిమధ్య నిటారుగా లేచిన కొమ్మ ఒకటో రెండో తీస్తే లోపలికి వెలుతురు దిగుతుంది. జూన్, జూలైలోనే ముగించండి. ఆలస్యమైతే చిగురు ముదరక పూత తప్పుతుంది. లావు కొమ్మను ముందు కింద కొంత కోసి, ఆ తర్వాత పైనుంచి కోయాలి. లేకపోతే బెరడు మానుదాకా చీలుతుంది. గాయానికి బోర్డో పేస్టు పూయండి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు.

ముసలి చెట్టును బాగా కిందికి కొట్టి మళ్లీ చిగురింపజేస్తే, రెండు మూడేళ్లు కాపు ఆశించలేం. కాబట్టి తోటంతా ఒకేసారి కొట్టకండి, వరుస విడిచి వరుస చేయండి. ఏడాది కౌలుకు తీసుకున్నవాడు మూడేళ్ల తర్వాతి కాపు కోసం ఖర్చు పెట్టడు. కత్తిరింపు ఖర్చు ఎవరిదో కౌలు కాగితంలోనే రాసుకోవాలి. ముసలి తోటల పునరుద్ధరణకు సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో సాయం ఉంది. అది కౌలురైతుకూ అందాలని మన సంఘం అడగాలి.

కొట్టిన కొమ్మల్లో మన సొత్తు ఉంది. ఆకు, సన్న రెమ్మలు ముక్కలు చేసి పాదులో పరిస్తే తేమ నిలుస్తుంది. మానుకు మాత్రం జానెడు దూరం వదలండి. ముక్కలను మట్టిలో కలిపి దున్నకండి, కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని అవే లాక్కుంటాయి. పేడతో కలిపి గోతిలో వేస్తే ఎరువవుతుంది. లావు కర్ర పొయ్యికో, అమ్మకానికో పనికొస్తుంది. పురుగు తొలిచిన కర్రను మాత్రం గట్టున పేర్చకండి. లోపలి పురుగు పెంకుపురుగై మళ్లీ చెట్టెక్కుతుంది. దాన్ని వెంటనే కాల్చేయాలి.

పొడవాటి కర్రకు బిగించే రంపం ఒక్కరే కొనాలంటే బరువు. ఊరి సంఘం తరఫున ఒకటి కొని వంతులవారీగా వాడుకోండి. రంపం మన చేతిలో ఉంటే కొమ్మ కూడా మన మాటే వింటుంది.