చూడకుండా తిప్పే నాబ్: రోటరీ ఎన్‌కోడర్ విప్పి చూద్దాం

ఈ ఎపిసోడ్ మొత్తం రెండు నాబ్‌ల గురించే. నవ్వకండి, విషయం ఉంది.

కూచిపూడిలో ఒక డ్యాన్స్ మాస్టారి కోసం తాళం, శ్రుతి వేసే చిన్న పెట్టె చేస్తున్నా. ఫోన్‌లో యాప్‌లు బోలెడున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ గ్లాస్ మీద వేలు పెట్టాలంటే చూడాలి. ఆ రెండు సెకన్లలో పాప మడమ ఎటు పడిందో మాస్టారు చూడలేరు. ఆయన అడిగింది ఒక్కటే: "ఎంత తిప్పానో నా వేలికి తెలియాలయ్యా."

వాడింది ఈసీ11 రకం ఎన్‌కోడర్. వాల్యూమ్ నాబ్‌లా ఒకచోట ఆగిపోదు, ఎంతైనా తిరుగుతుంది. నా దగ్గరున్న దాంట్లో చుట్టుకి 20 క్లిక్‌లు. ఎడమ నాబ్ తాళం వేగానికి. ఒక్కో క్లిక్‌కి నిమిషానికి 2 దెబ్బలు పెట్టాను. 60 నుంచి 72కి వెళ్ళాలంటే ఆరు క్లిక్‌లు, వేలితోనే లెక్కపెట్టొచ్చు. కుడి నాబ్ శ్రుతికి. దీనికి క్లిక్ అసలు ఉండకూడదు. పాడేవాళ్ళ గొంతు క్లిక్‌కీ క్లిక్‌కీ మధ్యలో ఉంటే ఏం చేస్తారు?

ఇప్పుడు విప్పుదాం. రేకు తొడుగు చెవుల్ని సన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా లేపండి. ఎక్కువసార్లు వంచితే విరిగిపోతాయి. లోపల గాళ్ళున్న చక్రం, దాని మీద పల్చటి స్ప్రింగ్ రేకు, ఆ రేకుకి చిన్న బుడిపె. బుడిపె గాడిలో పడ్డప్పుడల్లా మనకి క్లిక్. ఎడమదానికి రేకుని వెంట్రుకవాసి పైకి వంచాను, క్లిక్ గట్టిపడింది. కుడిదానికి రేకు మొత్తం తీసేశాను.

తీసేస్తే మరీ వదులుగా, గాలిలో తిప్పుతున్నట్టు ఉంటుంది. అందుకే షాఫ్ట్ తిరిగే గొట్టంలో చిక్కటి సిలికాన్ గ్రీజు, అగ్గిపుల్ల మొనంత. మిషన్ నూనె మాత్రం వద్దు బ్రదర్, పల్చగా పాకి లోపలి కాంటాక్ట్‌ల మీదకి పోతుంది. పైన బరువైన అల్యూమినియం నాబ్ పెట్టండి. తాతగారి రేడియోలో విజయవాడ కేంద్రం పట్టేటప్పుడు ముల్లు మెత్తగా జారేది గుర్తుందా? అలాంటి చాలా రేడియోల్లో ట్యూనింగ్ షాఫ్ట్‌కి బరువు చక్రం ఉండేది. కిటుకు అదే.

కోడ్ కూడా మార్చాలి, ఇది చాలామంది వదిలేస్తారు. ఎన్‌కోడర్‌లో ఏ, బీ అని రెండు సిగ్నల్‌లు. ఈ మోడల్‌లో ఒక్కో క్లిక్‌కి అవి నాలుగుసార్లు మారతాయి. స్ప్రింగ్ ఉన్నంతకాలం నాబ్ ఎప్పుడూ గాడిలోనే ఆగుతుంది కాబట్టి నాలుగు మార్పులకి ఒక క్లిక్ అని లెక్కేస్తే సరిపోతుంది. స్ప్రింగ్ లేకపోతే నాబ్ ఎక్కడైనా ఆగుతుంది. అందుకే ప్రతి మార్పునీ లెక్కపెట్టాలి: చుట్టుకి 80. ఒక్కోదానికి ఒక సెంట్ పెట్టాను. ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య 100 సెంట్లు, అంటే చుట్టూపాతిక తిప్పుడు. ఏ, బీ రెండూ ఒకేసారి మారినట్టు కనిపిస్తే అది కాంటాక్ట్ చేసిన అల్లరి, పట్టించుకోకుండా పడేయండి.

పెట్టె చూసి మాస్టారు ఇంకో కోరిక కోరారు. సరిగ్గా 60 దగ్గర మాత్రం ఒక పెద్ద క్లిక్ కావాలట! స్ప్రింగ్‌తో అది కుదరదు. గాళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, పైగా మూడు చుట్లు తిప్పితే అదే గాడి మూడుసార్లు వస్తుంది. దీనికి వేరే దారి ఉంది. 2022లో స్కాట్ బెజెక్ అనే ఇంజినీర్ స్మార్ట్‌నాబ్ అని ఓపెన్ సోర్స్‌లో పెట్టాడు. స్ప్రింగ్ బదులు చిన్న బ్రష్‌లెస్ మోటార్ మన వేలిని వెనక్కి లాగుతుంది, క్లిక్ ఎక్కడ రావాలో, ఎంత గట్టిగా రావాలో కోడ్‌లో రాసుకోవచ్చు. మోటార్ ఆర్డర్ పెట్టాను. వచ్చాక బిగించి చూపిస్తా.