సోషల్ మీడియా నుంచి తప్పుకుందామా? ఉండి మాట్లాడదామా?

(లండన్‌లో జరిగిన మన వేదిక సర్వసభ్య సమావేశంలో, తీర్మానంపై ఓటింగుకు ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మన ముందున్న తీర్మానం చిన్నదే, రెండు వాక్యాలే. "అబద్ధపు ప్రచారాలకు నిలయమైన సోషల్ మీడియా నుంచి వేదిక పూర్తిగా తప్పుకోవాలి. సభ్యులు కూడా వ్యక్తిగతంగా తప్పుకోవాలని వేదిక కోరుతుంది." ప్రతిపాదించిన మిత్రుల ఆవేదన నిజమైనది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడానికి నేను రాలేదు. నేను ఈ తీర్మానంలో సగాన్ని సమర్థిస్తున్నాను, సగాన్ని వ్యతిరేకిస్తున్నాను. ఏ సగం ఎందుకో చెప్పి కూర్చుంటాను.

ముందుగా, తప్పుకోవాలనే వాదానికి ఉన్న బలం చూద్దాం. 2024 జులై 29న సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నపిల్లలు హత్యకు గురయ్యారు. కొద్ది గంటల్లోనే ఇంటర్నెట్‌లో ఒక కల్పిత పేరు తిరగడం మొదలైంది. నిందితుడు పడవలో దొంగతనంగా వచ్చిన శరణార్థి అన్నారు. ఆ పేరు తప్పని పోలీసులు చెప్పారు. అయినా మర్నాడు సాయంత్రమే ఆ ఊరి మసీదు మీద దాడి జరిగింది. ఆగస్టు 1న న్యాయమూర్తి అనుమతితో అసలు పేరు బయటికి వచ్చింది. నిందితుడు కార్డిఫ్‌లో పుట్టిన 17 ఏళ్ళ కుర్రాడు. ఇంతటితో అల్లర్లు ఆగాలి కదా? ఆగలేదు. ఆగస్టు 4న రోథరమ్‌లో శరణార్థులున్న హోటల్‌కు నిప్పు పెట్టే ప్రయత్నం జరిగింది. అదే రోజు, కోట్లమంది అనుసరించే ఎక్స్ యజమాని ఇలన్ మస్క్, ఈ దేశంలో అంతర్యుద్ధం తప్పదని రాశాడు.

మనవాళ్ళు ఆ వారం ఎలా గడిపారో మీకు తెలుసు. కేర్ హోముల్లో రాత్రి షిఫ్టు చేసే ఆడపిల్లలు, డెలివరీ పనులు చేసుకునే విద్యార్థులు బయటికి వెళ్ళాలా వద్దా అని ఒకరినొకరు అడుగుతూ గడిపారు. ఆగస్టు 6న భారత హైకమిషన్ కూడా జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది.

మన పెద్దలు "నిజం నిలకడ మీద తెలుస్తుంది" అంటారు. సౌత్‌పోర్ట్‌లో నిజం మూడు రోజుల్లోనే తెలిసింది. కానీ అప్పటికే ఆ అబద్ధానికి అబద్ధంగా ఉండాల్సిన అవసరం తీరిపోయింది. అది ఒక కోపంగా మారిపోయింది. కోపానికి సవరణ ప్రకటనతో పని లేదు.

ఇది ఒక్క సంఘటన కాదు. ఎంఐటి పరిశోధకులు 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నిజం కంటే అబద్ధాన్ని ఇతరులకు పంపే అవకాశం 70 శాతం ఎక్కువ అని తేలింది. 1,500 మందికి చేరడానికి అబద్ధం కంటే నిజానికి ఆరు రెట్లు సమయం పట్టింది. అన్నిటికంటే వేగంగా పోయింది రాజకీయ అబద్ధమే. దీనికి కారణం యంత్రాలు కాదు, మనుషులేనని కూడా వాళ్ళు చెప్పారు. అబద్ధం కొత్తగా ఉంటుంది, ఆశ్చర్యం కలిగిస్తుంది, అందుకని పంపుతాం. ఎంతసేపు చూస్తే అంత ప్రకటనల ఆదాయం వచ్చే కంపెనీకి మన ఆశ్చర్యమే పెట్టుబడి.

పైగా కాపలా కూడా తగ్గుతూ వస్తోంది. 2022 అక్టోబరులో 44 బిలియన్ డాలర్లకు ట్విట్టర్ చేతులు మారింది. 2025 జనవరిలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా, అమెరికాలో స్వతంత్ర సంస్థలతో నిజనిర్ధారణ చేయించే పద్ధతిని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. గార్డియన్ పత్రిక 2024 నవంబరు 13న ఎక్స్‌లో రాయడం మానేసింది. దానికి అక్కడ 80కి పైగా ఖాతాలు, సుమారు 2.7 కోట్ల మంది అనుచరులు ఉండేవారు. మర్నాడే బార్సెలోనా నుంచి వెలువడే లా వాంగ్వార్డియా అదే దారి పట్టింది. అంత పెద్ద పత్రికలే వెళ్ళిపోతే మనమెంత అన్న ప్రశ్న న్యాయమైనదే.

అయితే వెళ్ళిపోతే ఏమవుతుంది? దీనికి కూడా కొంత సమాధానం ఉంది. 2018 అమెరికా మధ్యంతర ఎన్నికల ముందు ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. 2,700కు పైగా ఫేస్‌బుక్ వాడకందార్లను తీసుకుని, వారిలో కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాల పాటు ఖాతా ఆపేయించారు. ఆపేసినవాళ్ళకు రోజుకు సగటున ఒక గంట మిగిలింది. మనసు కొంచెం కుదుటపడింది. రాజకీయ అంశాల మీద అభిప్రాయాల్లో చీలిక తగ్గింది. ఇవన్నీ మంచివే. కానీ వార్తల్లోని వాస్తవాల మీద వాళ్ళకున్న అవగాహన కూడా తగ్గింది! అబద్ధాలతో పాటు నిజాలు కూడా వాళ్ళకు ఆ దారినే వచ్చేవి మరి. కాబట్టి వెళ్ళిపోయే ప్రతి ఒక్కరూ అటువైపు ఏ తలుపు తెరుస్తున్నారో కూడా చెప్పాలి. పేపరు చదువుతారా? రేడియో వింటారా? ఏదీ లేకపోతే మిగిలేది ప్రశాంతమైన అజ్ఞానం. ఒక రాజకీయ వేదిక తన సభ్యులకు దాన్ని సిఫారసు చేయలేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. తీర్మానంలో 'సోషల్ మీడియా' అని ఒకే మాట వాడాం. కానీ ఎక్స్ వేరు, వాట్సాప్ వేరు. ఎక్స్ నడిబజారు లాంటిది. ఎవరు ఎక్కువ కేక వేస్తే వాళ్ళ మాట వినిపిస్తుంది, ఎవరి కేకకు మైకు ఇవ్వాలో యజమాని నిర్ణయిస్తాడు. ఆ బజారులో మన వేదిక మాట ఎవరికీ వినపడటం లేదు. మన ఖాతా నుంచి వచ్చిన జవాబుల కింద చూస్తే, రెండు పార్టీల సోషల్ మీడియా సైన్యాల బూతులే కనిపిస్తాయి. అక్కడ మనం ఉండటం వల్ల జనానికి ఒరిగేది లేదు. అక్కడి నుంచి వెళ్ళిపోదాం అనే సగాన్ని నేను పూర్తిగా సమర్థిస్తున్నాను.

వాట్సాప్ అలా కాదు. అది మన ఇంటి వసారా. అక్కడ ఉన్నది మన బాబాయిలు, పెద్దమ్మలు, చిన్ననాటి స్నేహితులు, ఊళ్ళో రైతులు. తలుపులు వేసిన గదిలో ఒక అబద్ధం చెబితే బయటివాళ్ళెవరూ వచ్చి సరిదిద్దలేరు. సరిదిద్దగలిగింది ఆ గదిలో ఉన్నవాళ్ళే. ఆ గదిలోంచి ముందుగా లేచిపోయేది ఎవరు? విసిగిపోయేవాళ్ళు, అంటే నాలుగు విషయాలు తెలిసినవాళ్ళు. మనం వెళ్ళిపోతే అబద్ధానికి ఏ నష్టమూ లేదు. దాన్ని అడ్డుకునేవాడు ఒకడు తగ్గుతాడు, అంతే.

2018 సంగతి గుర్తు చేస్తాను. ఆ వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతటా వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. ఆ జులైలో కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి గ్రామం దగ్గర, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ నుంచి వెళ్ళిన స్నేహితుల బృందాన్ని జనం వెంటాడి కొట్టారు. వాళ్ళలో ఒక యువ ఇంజనీరు చనిపోయాడు. అతనితో వెళ్ళినవాళ్ళలో కతార్ నుంచి వచ్చిన అతిథి కూడా ఉన్నాడు.

అదే సంవత్సరం, అవే వీడియోలు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకూ వచ్చాయి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఏం చేశారు? ఒక్కొక్క గ్రామానికి ఒక పోలీసును బాధ్యుణ్ణి చేశారు. వాళ్ళు ఇంటింటికీ తిరిగారు. సర్పంచులతో మాట్లాడారు, డప్పు వేయించారు, పాటలు కట్టించి జానపద కళాకారులతో పాడించారు. ఊళ్ళోని వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులే సభ్యులుగా చేరారు. అనుమానం వస్తే అడగడానికి ఒక మనిషి ఉన్నాడన్న భరోసా కల్పించారు. ఆ నాలుగు వందల గ్రామాల్లో ఈ పుకార్ల వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. వీడియోలు అవే, ఫోన్లు అవే. తేడా ఏమిటంటే, ఇక్కడ నమ్మదగిన మనిషి ఒకరు ఆ గదిలో కూర్చున్నారు.

ఇక మన సంగతి. విదేశాల్లో ఉన్న మనకు ఒక ప్రత్యేకమైన బాధ్యత ఉంది. ఊళ్ళో ఎవరైనా ఒక వార్త పంపితే నమ్మనివాడు, "లండన్‌లో ఉన్న మా అబ్బాయి పంపాడు" అంటే నమ్ముతాడు. దూరం మన మాటకు అర్హత లేని గౌరవం తెచ్చిపెట్టింది. 2020 ఏప్రిల్‌లో కరోనాకు 5జీ టవర్లే కారణమని ఈ దేశంలోనే జనం సెల్ టవర్లు తగలబెట్టారు. కాబట్టి లండన్ నుంచి వచ్చిందల్లా విజ్ఞానం కాదు. మందుల గురించి, ఎన్నికల గురించి, ఒక కులం గురించి, ఒక మతం గురించి మన చేతి మీదుగా ఇంటికి వెళ్ళే ప్రతి ఫార్వర్డుకూ మన ముద్ర పడుతుంది. ఆ ముద్ర ఎంత ప్రమాదమో, సరిదిద్దడానికి అంత పనికొస్తుంది. దాన్ని వాడకుండా గంగలో కలుపుదామా?

ఇంకొక మాట. 2024 ఆగస్టు 7న ఇమ్మిగ్రేషన్ లాయర్ల ఆఫీసుల మీద దాడి చేయాలంటూ 30కి పైగా చోట్ల జాబితా ఒకటి టెలిగ్రామ్‌లో తిరిగింది. ఆ సాయంత్రం వాల్తమ్‌స్టోలో, బ్రైటన్‌లో, బ్రిస్టల్‌లో వేలమంది వీధుల్లోకి వచ్చారు. వచ్చింది దాడి చేయడానికి కాదు, అడ్డు నిలబడటానికి. వాళ్ళలో చాలామందికి కబురు అందింది కూడా ఈ ఫోన్ల మీదుగానే. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టకూడదని మన సామెత ఊరికే పుట్టలేదు.

"మనమెందుకు, ప్రభుత్వాలు చూసుకోవాలి" అని కొందరు మిత్రులు అంటున్నారు. ఈ దేశంలో ఆన్‌లైన్ భద్రతా చట్టం 2023లో వచ్చింది. హాని చేయాలనే ఉద్దేశంతో, అబద్ధమని తెలిసీ సందేశం పంపడం దాని కింద నేరం. మంచిదే. కానీ మన పెద్దమ్మకు ఆ ఉద్దేశమూ లేదు, అది అబద్ధమని తెలియనూ తెలియదు. చట్టం ఆమె దాకా రాదు, రాకూడదు కూడా. ఇక నిజమేదో తేల్చే అధికారం మొత్తం సర్కారు చేతికిస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్ను భారత సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. కేంద్ర ప్రభుత్వం తన గురించిన వార్తల్లో ఏది నిజమో తానే తేల్చుకోవడానికి చేసిన నిబంధనను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది. అధికారంలో ఉన్నవాళ్ళకు ఇబ్బంది కలిగించే నిజమే అన్నిటికంటే ముందు 'అబద్ధం' అవుతుంది.

కంపెనీల మీద ఒత్తిడి తేవడం వృథా అని కూడా అనుకోవద్దు. 2018 హత్యల తర్వాతే వాట్సాప్ భారతదేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. 2019లో దాన్ని ప్రపంచమంతటికీ విస్తరించింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే ఎన్నో చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా చేసింది. అలాంటి సందేశాలు 70 శాతం తగ్గాయని ఆ కంపెనీయే చెప్పింది. ఒక చిన్న అడ్డు, ఒక్క క్షణం ఆగడం, ఇంత పని చేస్తుంది. ఆ ఒక్క క్షణం మనంతట మనం ఆగలేమా?

అలసిపోయి వ్యక్తిగతంగా తప్పుకునే మిత్రులను నేను తప్పుపట్టను. నిద్ర పాడవుతుంటే, ఇంట్లోవాళ్ళతో తగాదాలవుతుంటే మానేయడమే మంచిది. వేదిక మాత్రం మానమని ఎవరికీ చెప్పకూడదు, ఉండమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. అందుకని తీర్మానానికి నా సవరణలు ఇవి.

మొదటిది, వేదిక ఎక్స్‌లో రాయడం మానేయాలి. ఖాతాను మాత్రం తొలగించకుండా ఉంచాలి, లేకపోతే మన పేరు ఇంకొకరు పెట్టుకుంటారు. రెండోది, మన మాటకు సొంత ఇల్లు ఈ వార్తాలేఖే. ఏది రాసినా ముందు ఇక్కడ రావాలి, ఆ తర్వాతే ఇంకెక్కడైనా. మూడోది, వేదిక వాట్సాప్ గ్రూపు కొనసాగాలి, కానీ ఎక్కడిదో చెప్పలేని ఫార్వర్డు అందులో పెట్టకూడదు. పెట్టినది తప్పని తేలితే, చప్పుడు చేయకుండా తీసేయడం కాదు, అదే గ్రూపులో తప్పని రాయాలి. అధ్యక్షుడైనా సరే, కొత్త సభ్యుడైనా సరే. నాలుగోది, ఇంటి గ్రూపులో అబద్ధం కనిపిస్తే అందరి ముందూ పెద్దవాళ్ళ పరువు తీయకుండా ఫోన్ చేసి మాట్లాడాలి. "బాబాయ్, ఇది ఎవరు పంపారు నీకు?" అని అడిగితే చాలు, సగం పని అయిపోతుంది. పరువు పోతుందనుకున్న మనిషి అబద్ధాన్ని మరింత గట్టిగా పట్టుకుంటాడు.

"నిప్పు లేనిదే పొగ రాదు కదా" అంటూ పుకార్లను సమర్థించేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. సౌత్‌పోర్ట్‌లో, ముర్కిలో పొగే ముందు వచ్చింది, నిప్పు తర్వాత మనుషులు పెట్టారు. ఈ మాట వాళ్ళకు చెప్పడానికైనా ఆ గదిలో మనవాళ్ళు ఒకరుండాలి.

సవరణలతో కూడిన తీర్మానానికి ఓటు వేయమని మనవి.