పొయ్యి పక్కన పలక

(అక్షరాస్యతా కేంద్రంలో తల్లిదండ్రులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అక్కలారా! అన్నలారా! అవ్వలారా, తాతలారా!



పిల్లలకు చదువు ఎవరు చెప్పాలి? ఈ మాట అడిగితే చాలామంది ఒకటే జవాబు చెప్తారు. "పంతులుగారు చెప్పాలి" అంటారు. అది నిజమే. కానీ సగం నిజమే.

లెక్క చూడండి. రోజుకు 24 గంటలు. బిడ్డ బడిలో ఉండేది 6, 7 గంటలు. మిగిలిన 17 గంటలూ ఇంట్లో, వాకిట్లో, చేలో గడుస్తాయి. బిడ్డ మాటలు నేర్చింది ఎక్కడ? ఇంట్లోనే. అమ్మ, అవ్వ, బువ్వ, నీళ్లు. ఈ మాటలు ఏ పంతులుగారూ నేర్పలేదు. తల్లే నేర్పింది. అంటే ప్రతి తల్లీ అప్పటికే ఒక పంతులమ్మ.

"మాకు వచ్చిందే నాలుగు అక్షరాలు. మేమేం నేర్పుతాం?" అని కొందరు అనుకుంటారు. ఆ నాలుగు అక్షరాలే బిడ్డకు మొదటి మెట్టు. సావిత్రిబాయి ఫూలే పెళ్లయ్యాక ఇంట్లోనే భర్త దగ్గర చదువు నేర్చుకుంది. ఆ తల్లే 1848లో పూణేలో ఆడపిల్లల బడిలో పంతులమ్మ అయింది. ఇంట్లో నేర్చిన చదువు ఎంత దూరం పోయిందో చూడండి.

బడి మూసిన రోజులు

2020 మార్చి నెల అందరికీ గుర్తే. కరోనా జబ్బు వచ్చింది. దేశమంతా బళ్లు మూశారు. చిన్న తరగతుల పిల్లలు నెలల తరబడి బడి ముఖం చూడలేదు. టీవీలో పాఠాలు చెప్పారు. ఫోనులో చెప్పారు. కానీ ఇంటికి ఒక్క ఫోను. దాన్ని నాన్న పనికి తీసుకుపోతే పాఠం ఎట్లా వినేది? కూడబలుక్కుని చదివే పిల్లలు ఆ కాస్తా మరిచిపోయారు. కొందరు పెద్ద పిల్లలు కూలి పనుల్లో పడ్డారు. మళ్లీ బడికి రాలేదు.

అప్పుడు మిర్చి కోతలకు పోయే ఒక తల్లి ఇల్లు ఎట్లా ఉండి ఉంటుందో తలచుకోండి. కూతురికి 7 ఏళ్లు. కొడుక్కి 4 ఏళ్లు.

"బడే లేదు. ఇంక చదువేంటి? పిల్లను మేకల ఎంట తోలు" అన్నాడు భర్త.

"మేకలు ఒక పూట. పలక ఒక పూట" అన్నది భార్య. "నేను రాత్రి బడికి పోతే అత్త కూడా నవ్వింది. మరి రేషను కార్డులో పిల్లోడి పేరు తప్పు పడిందని చదివి చెప్పిందెవరు మావా?"

భర్త మారు మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి పిల్ల పొద్దున మేకల్ని లెక్కపెట్టి పలక మీద వేసేది. సాయంత్రం మళ్లీ లెక్కపెట్టేది. పొద్దున 14. సాయంత్రం 13. ఒకటి ఏమైంది? వెతికి తోలుకొచ్చింది. లెక్క ఎందుకో ఆ పిల్లకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. రాత్రి నాయనమ్మ కథ చెప్పేది. కథలో నచ్చిన ఒక్క మాట పిల్ల రాసేది. తమ్ముడు బొగ్గుతో గోడ మీద సున్నాలు చుట్టేవాడు.

బడి తెరిచారు. ఆ పిల్ల తన పేరు రాసింది. ఊరి పేరు రాసింది. రెండు వరసలు చదివింది. పెద్ద చదువేమీ కొత్తగా రాలేదు. కానీ వచ్చిన చదువు పోలేదు. అదే గొప్ప సంగతి.

రోజు పనిలోనే పాఠం

ఇంటి చదువుకు వేరే గది అక్కర్లేదు. వేరే వేళ కూడా ఎక్కువ అక్కర్లేదు. చేసే పనిలోకే బిడ్డను పిలవాలి. పని చేస్తూ మాట్లాడాలి.

నీళ్లు పట్టేటప్పుడు: "ఏ బిందె నిండింది? ఏది సగం ఉంది? ఇంకా ఎన్ని చెంబులు పడతాయి?" అని అడగండి. బిడ్డ ముందు అంచనా చెప్పాలి. తర్వాత పోసి చూడాలి.

వంట చేసేటప్పుడు: పాత కొలతల్లో 4 గిద్దలు ఒక సోల. 2 సోలలు ఒక తవ్వ. 2 తవ్వలు ఒక మానిక. మరి మానికలో గిద్దలు ఎన్ని? బియ్యం కొలిచి చూస్తే 16 వస్తాయి. నాలుగో ఎక్కంలో నాలుగు నాలుగులు పదహారు ఇదే. నోటితో వల్లించింది మరిచిపోవచ్చు. చేత్తో కొలిచింది మరిచిపోరు.

సంతకు పోయినప్పుడు: చేతిలో 50 రూపాయలు. కూరగాయలకు 32 రూపాయలు అయింది. తిరిగి ఎంత రావాలి? కొట్టువాడి కంటే ముందు బిడ్డను చెప్పనియ్యండి. 18 అని చెప్తే చిల్లర బిడ్డ చేతికే ఇవ్వండి. లెక్కపెట్టనియ్యండి.

రాత్రి పూట: కథ చెప్పండి. పొడుపు కథలు వెయ్యండి. అవ్వలకు, తాతలకు వచ్చినన్ని కథలు ఏ పుస్తకంలోనూ లేవు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే ఆయన ఉండేవాడు. వకీలు పని మానుకుని పిల్లల చదువులోకి వచ్చాడు. 1920లో భావ్‌నగర్‌లో చిన్నపిల్లల బడి పెట్టాడు. కథలతో, ఆటలతో పిల్లలకు చదువు మీద ఇష్టం పుట్టించాడు. ఆయనను జనం ముద్దుగా "మీసాల అమ్మ" అన్నారు. అమ్మ పని అంటే మగవాళ్లు సిగ్గుపడక్కర్లేదు. నాన్న చెప్పే కథ బిడ్డకు ఇంకా తీపి.

అక్షరం ఎట్లా నేర్పాలి?

ముందు బిడ్డ పేరు రాసి చూపండి. తన పేరు అంటే ఎవరికైనా ఇష్టమే. తర్వాత అమ్మ పేరు, ఊరి పేరు. మాట తెలిశాక అందులోని అక్షరాలు విడదీయండి.

వ, ప, మ, య చూడ్డానికి ఒకే పోలికగా ఉంటాయి. పెద్దవాళ్లు కూడా తడబడతారు. నాలుగూ ఒకేసారి నేర్పకండి. వల బొమ్మ పక్కన వ రాయండి. అది బాగా వచ్చాక పలక చూపించి ప రాయండి. ఇసుకలో, ముగ్గుపిండితో, తడి వేలితో బండ మీద రాయించండి.

చిన్నపిల్లలకు ఒకసారికి 15 నిమిషాలు చాలు. బిడ్డ అలిసిపోతే ఆపండి. తప్పు రాస్తే కొట్టకండి. దెబ్బకు అక్షరం రాదు, భయం వస్తుంది. పెద్దవాళ్లకు తెలియని మాట వస్తే "రేపు కనుక్కుందాం" అనండి. అందులో నామోషీ లేదు.

ప్రాణం కాచే చదువు

చేలో కొట్టే పురుగుమందు డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు ఉంటే విషం అన్నింటికన్నా ఎక్కువ. ఆకుపచ్చ ఉంటే తక్కువ. కానీ తక్కువైనా విషమే. "ఏ రంగు ఉన్నా ముట్టుకోకూడదు" అని బిడ్డకు దూరం నుంచే చూపి చెప్పండి. ఖాళీ డబ్బాను ఇంటికి తేకండి.

బిడ్డకు విరేచనాలు అవుతుంటే ఓఆర్ఎస్ పొట్లం ఇస్తారు. ఎన్ని నీళ్లలో కలపాలో పొట్లం మీదే రాసి ఉంటుంది. 1 లీటరు అని ఉంటే 1 లీటరు నీళ్లలోనే మొత్తం కలపాలి. దాన్ని ఒక్క గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. ఆ ఒక్క వరస చదవగలగడం ఎంత అవసరమో చూడండి.

కొన్ని జాగ్రత్తలు

ఇంటి చదువు పేరు చెప్పి ఆడపిల్లను బడి మాన్పించకండి. చంటిబిడ్డను ఎత్తుకోవడానికి అక్కను ఇంట్లో ఉంచితే అది చదువు కాదు, చాకిరీ. అక్క నీళ్లు మోస్తే తమ్ముడూ మోయాలి. తమ్ముడు చదివితే అక్కా చదవాలి.

"వాడు చూడు, నువ్వు చూడు" అని పోల్చకండి. ఒక బిడ్డ తొందరగా చదువుతాడు. ఒకడు నెమ్మదిగా చదువుతాడు. మామిడీ చింతా ఒకేసారి కాయవు కదా!

ఇంట్లో లంబాడీ, కోయ, గోండి ఏది మాట్లాడితే ఆ భాషలోనే కథ చెప్పండి. ఇంటి మాట బలంగా ఉంటే బడి మాట కూడా బాగా వస్తుంది.

బడి మాత్రం మానకూడదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పాలని 2009లో చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. చదువు పిల్లల హక్కు. 3 ఏళ్లు దాటిన చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ఉంది. బడిలో ఏం చెప్పారో సాయంత్రం అడగండి. నెలకు ఒకసారైనా బడికి పోయి పంతులుగారితో మాట్లాడండి.

అక్కలారా! అన్నలారా! ఈ రాత్రి ఇంటికి పోయాక ఒక్క పని చెయ్యండి. ఈ పుస్తకంలో ఒక్క పేజీ బిడ్డకు వినపడేటట్టు చదవండి. తడబడినా ఫర్వాలేదు. అమ్మ చదవడం, నాన్న చదవడం చూసిన బిడ్డకు పుస్తకం అంటే భయం పోతుంది.

సెలవు.

మాట్లాడుకోండి

1. నిన్న మీ ఇంట్లో బిడ్డ ఏ పనిలో లెక్క నేర్చుకుంది?

2. మీ వీధిలో బడి మానేసిన పిల్లలు ఉన్నారా? ఎందుకు మానేశారు?

3. మీ అవ్వ చెప్పిన కథ ఒకటి ఐదు వరసల్లో రాయండి. మీ బిడ్డకు చదివి వినిపించండి.